మేయర్ లేని నగరంలో ఓటరు మనసు

జంషెడ్‌పూర్‌లో ఓటరు జాబితాలో పేరున్న మనిషి లోక్‌సభకు ఓటేస్తాడు, శాసనసభకు ఓటేస్తాడు. తన వీధి దీపానికి, మురుగు కాలువకు, కుళాయి నీటికి బాధ్యుణ్ని ఎన్నుకునే ఓటు మాత్రం అతనికి లేదు. చుట్టుపక్కల పట్టణాలతో కలిపి 2011 జనగణన నాటికే 13 లక్షలు దాటిన ఈ ప్రాంతం నడిబొడ్డున మేయర్ లేడు, కార్పొరేటర్లు లేరు. ఉన్నది అధికారులు నడిపే నోటిఫైడ్ ఏరియా కమిటీ. నీళ్లు, కరెంటు, రోడ్లు, చెత్త ఎత్తడం వంటి పనుల్లో చాలాభాగం చూసేది టాటా స్టీల్ అనుబంధ సంస్థ. 2004 నుంచి జుస్కో పేరుతో నడిచిన ఆ సంస్థను ఇప్పుడు టాటా స్టీల్ యూఐఎస్‌ఎల్ అంటున్నారు.

విచిత్రమేమిటంటే, దీన్ని లోటుగా భావించనివారు ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు. పట్టణ స్వపరిపాలనకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. ఒక పారిశ్రామిక సంస్థ పౌరసేవలు అందిస్తున్న చోట గవర్నర్ ఆ ప్రాంతాన్ని పారిశ్రామిక పట్టణంగా ప్రకటించి, మున్సిపాలిటీ ఏర్పాటును పక్కన పెట్టవచ్చనే మినహాయింపు కూడా అందులోనే ఉంది. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం జంషెడ్‌పూర్ విషయంలో ఆ దారినే ఎంచుకుంది. ఎన్నికైన నగరపాలక సంస్థ కావాలని దశాబ్దాలుగా కోర్టు మెట్లెక్కుతున్నవారూ ఈ ఊరివారే. ‘కంపెనీ చూసుకుంటోంది కదా, మళ్లీ ఇక్కడికీ రాజకీయాలెందుకు’ అనేవారూ ఈ ఊరివారే.

ఈ రెండో మాట అనేవారిలో తెలుగువారికీ కొదవలేదు. ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబాలు ఇక్కడ మూడు నాలుగు తరాలుగా స్థిరపడ్డాయి. కదమాలో ఆంధ్రా అసోసియేషన్, బిష్టుపూర్‌లో ఆంధ్రులు కట్టుకున్న రామమందిరం వారి చిరునామాలు. తాత కొలిమి దగ్గర పనిచేశాడు, తండ్రికి కంపెనీ క్వార్టర్ ఉండేది, మనవడు బెంగళూరులో ఇంజినీరు. అలాంటి ఇంట్లో కంపెనీ పాలన అంటే ఒక సిద్ధాంతం కాదు, రోజూ చూసే కుళాయి.

జంషెడ్‌పూర్ నియంతృత్వం కాదు. చట్టాలున్నాయి, కోర్టులున్నాయి, ఎమ్మెల్యేను మార్చే హక్కు ఉంది. అయినా ఆ ఊరు అడిగే ప్రశ్న ప్రపంచంలో చాలాచోట్ల వినిపిస్తున్న ప్రశ్నకు దగ్గర చుట్టం: మార్పు కంటే క్రమమే మేలనే రాజకీయాలకు, చర్చ కంటే గట్టి చేతినే నమ్మే రాజకీయాలకు దేశదేశాల్లో ఓటర్లలో ఒక వాటా ఎప్పుడూ ఎందుకు దొరుకుతుంది?

రెండు మాటలు, రెండు అర్థాలు

ముందుగా రెండు మాటలను విడదీయాలి. సంప్రదాయవాదం అంటే ఉన్న కట్టుబాట్లను, సంస్థలను తొందరపడి కూల్చవద్దనే వైఖరి. మార్పు వచ్చినా నెమ్మదిగా, అనుభవం చూసుకుని రావాలంటుంది. నిరంకుశ ధోరణి వేరు. అధికారానికి లోబడాలి, అందరూ ఒకేలా ఉండాలి, ఎదురు చెప్పినవాణ్ని శిక్షించాలి అనే కోరిక అది. సంప్రదాయవాది కోర్టులను, రాజ్యాంగాన్ని కూడా కాపాడుకోవాల్సిన పాత ఆస్తిగా చూడగలడు. నిరంకుశ ధోరణి ఉన్నవాడికి అవి అడ్డంకులు.

ఈ ధోరణి కుడివైపు రాజకీయాల సొత్తు మాత్రమే కాదు. సోవియట్ రష్యాలో చివరి రోజుల్లో పరిశోధకులు పరీక్షించినప్పుడు, నిరంకుశ ధోరణి ఎక్కువగా ఉన్నవారు అక్కడి పాత కమ్యూనిస్టు వ్యవస్థకే మద్దతు పలికారు. ఏ జెండా ఎగురుతుందన్నది ఊరిని బట్టి ఉంటుంది. ఎగిరే జెండా కింద నోరెత్తకుండా నిలబడాలనేదే ఈ ధోరణి.

భారత్ విషయంలో లెక్కలు ఇంకా చిక్కుగా ఉంటాయి. పార్లమెంటు, కోర్టుల జోక్యం లేకుండా నిర్ణయాలు తీసుకునే బలమైన నాయకుడి పాలన మంచిదేనా అని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2017లో అడిగితే భారతీయుల్లో 55 శాతం మంచిదే అన్నారు. 2023 సర్వేలో ఆ సంఖ్య 67 శాతానికి చేరింది. ఎన్నికైన ప్రతినిధులతో నడిచే ప్రజాస్వామ్యం మంచిదేనా అని అడిగినా మెజారిటీ జవాబు అవుననే. అంటే రెండింటికీ తలూపినవారు లక్షల్లో కాదు, కోట్లలో ఉన్నారు. ఒకే మనిషిలో రెండు కోరికలూ ఉన్నాయి. ఈ సంగతి గుర్తుంచుకుంటే, ‘ప్రజాస్వామ్యవాదులు ఒక రకం, గట్టిచేతి అభిమానులు ఇంకో రకం’ అని మనుషులను రెండు గంపల్లో వేయడం కుదరదని అర్థమవుతుంది.

తప్పు మెదడులోనే ఉందా?

అలా గంపల్లో వేసే ప్రయత్నాలకు పెద్ద చరిత్రే ఉంది. హిట్లర్ జర్మనీ మిగిల్చిన ప్రశ్నలతో థియొడోర్ అడోర్నో, ఆయన సహచరులు 1950లో ‘ది అథారిటేరియన్ పర్సనాలిటీ’ అనే గ్రంథం ప్రచురించారు. కఠినమైన పెంపకంలోంచి లొంగిపోయే మనస్తత్వం పుడుతుందన్నది దాని సారాంశం. వారి ప్రశ్నల పట్టికలో లోపాలున్నాయని తర్వాతివారు తేల్చారు. 1981లో కెనడా మనస్తత్వవేత్త బాబ్ ఆల్టెమేయర్ మరింత నమ్మదగిన కొలమానం తయారుచేశారు.

ఆ తర్వాత దృష్టి శరీరం మీదికి మళ్లింది. 2008లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో 46 మందికి భయం గొలిపే చిత్రాలు చూపించి, ఉలికిపాటు శబ్దాలు వినిపించి, వారి చర్మం మీది చెమటనూ కనురెప్పల కదలికనూ కొలిచారు. ఎక్కువ ఉలిక్కిపడినవారు సైనిక వ్యయం, మరణశిక్ష వంటి రక్షణ విధానాలను ఎక్కువగా సమర్థించారని తేల్చారు. 2011లో లండన్ పరిశోధకులు 90 మంది విద్యార్థుల మెదళ్లను స్కాన్ చేసి, సంప్రదాయవాదుల్లో భయం వంటి భావోద్వేగాలతో సంబంధమున్న అమిగ్డాలా భాగం కాస్త పెద్దదిగా ఉందన్నారు. పత్రికలకు ఇంతకంటే ఏం కావాలి? ‘పిరికి మెదడే సంప్రదాయ ఓటు’ అన్న మాట ప్రపంచమంతా తిరిగింది.

తర్వాత జరిగిన కథ అంతగా తిరగలేదు. ఉలికిపాటు పరిశోధనను మరో బృందం ఇంకా ఎక్కువమందితో, ముందే ప్రకటించిన పద్ధతిలో మళ్లీ చేసి చూసింది. 2020లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’లో వెలువడిన ఆ ఫలితాల్లో, భయానికి శరీరం స్పందించే తీరులో ఉదారవాదులకూ సంప్రదాయవాదులకూ తేడా కనిపించలేదు. మెదడు స్కాన్ల పరిశోధనను 2024లో నెదర్లాండ్స్‌లో 928 మందితో మళ్లీ చేస్తే, అమిగ్డాలాతో ఉన్న సంబంధం అతి స్వల్పమని తేలింది. మెదడులోని మరో భాగం గురించి మొదటి పరిశోధన చెప్పినది నిలబడనేలేదు.

కవలల పరిశోధనలు మాత్రం కొంత గట్టిగా నిలిచాయి. ఏకరూప కవలలను, సాధారణ కవలలను పోల్చి చూసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం అమెరికాలో 2005లో వెలువడింది. మనుషుల రాజకీయ వైఖరుల మధ్య తేడాల్లో సుమారు 40 శాతానికి జన్యువులతో సంబంధం ఉండవచ్చని అది లెక్కగట్టింది. అదే అధ్యయనంలో, ఏ పార్టీ మనిషి అన్న విషయంలో మాత్రం జన్యువుల పాత్ర చాలా తక్కువగా కనిపించింది. 40 శాతం అంటే ఒక మనిషి ఓటులో 40 శాతం పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుందని కాదు. ఒకే చేలో, ఒకే నీటితో పెరిగిన నారులో మొక్కల ఎత్తు తేడా ఎక్కువగా విత్తనం వల్ల వచ్చినట్టు కనిపిస్తుంది. కాలువ ఎండిపోతే చేనంతా పొట్టిదవుతుంది. విత్తనం లెక్క తప్పు కాదు, అది కాలువ సంగతి చెప్పదంతే.

ఈ కాలువ గురించి ఆలోచించినవారిలో ఆస్ట్రేలియాకు చెందిన కరెన్ స్టెన్నర్ ఒకరు. 2005లో వచ్చిన ఆమె పుస్తకం ప్రకారం, ఏకత్వాన్నీ విధేయతనూ కోరే స్వభావం జనాభాలో ఒక గణనీయమైన వాటాలో ఉంటుంది. సుమారు మూడో వంతు అని తర్వాత ఆమె అంచనా వేశారు. మామూలు రోజుల్లో అది నిద్రాణంగా ఉంటుంది. ‘మన పద్ధతులు, మన ఐక్యత, మన నాయకత్వం కుప్పకూలుతున్నాయి’ అనిపించినప్పుడు మేల్కొంటుంది. స్వభావం ఒక్కటే చాలదు, దాన్ని మేల్కొలిపే సందర్భం కావాలి.

గజం బద్ద ఎవరిది?

ఈ స్వభావాన్ని కొలవడానికి పరిశోధకులు తరచూ వాడే పద్ధతి తెలుగు ఇంట్లో నవ్వు తెప్పిస్తుంది. రాజకీయాల ఊసే ఎత్తరు. పిల్లల్లో ఏ గుణం ముఖ్యమని అడుగుతారు: స్వతంత్ర బుద్ధా, పెద్దలంటే గౌరవమా? కుతూహలమా, మర్యాదా? తన కాళ్ల మీద తాను నిలబడటమా, చెప్పిన మాట వినడమా? రెండో రకం జవాబులు ఎక్కువిస్తే నిరంకుశ ధోరణి ఎక్కువని లెక్క.

కదమాలో ఉన్న ఒక తెలుగు అమ్మమ్మను ఈ ప్రశ్నలు అడిగితే ఏం జరుగుతుంది? పెద్దలంటే గౌరవం, మర్యాద, మాట వినడం అని మూడు జవాబులూ ఒక్క క్షణంలో వచ్చేస్తాయి. అంతమాత్రాన ఆమె ఓటు నియంతకు పడుతుందా? గట్టి యూనియన్లున్న ఊళ్లో, సమ్మెలు చూసిన ఇంట్లో బతికిన మనిషి ఆమె. అమెరికాలోనే 2014లో ఎఫ్రెన్ పెరెజ్, మార్క్ హెదరింగ్టన్ ఈ ప్రశ్నలను పరిశీలించి, శ్వేతజాతీయుల్లోనూ నల్లజాతీయుల్లోనూ ఇవి ఒకే విషయాన్ని కొలవడం లేదని చూపించారు. ఒకే దేశంలో రెండు సమూహాల మధ్యే పనికిరాని గజం బద్దను తెచ్చి భారతీయ కుటుంబం మీద పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. ఇంట్లో పెద్దరికం, దేశంలో పెత్తనం ఒకటి కావు.

ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో రాసిన పుస్తకంలో ఇలాంటి హెచ్చరికే మరో వైపు నుంచి చేశారు. భారత రాజకీయాలు ఐరోపా తరహా ఎడమ, కుడి గీత మీద నడవవని వారి వాదన. సమాజంలో ప్రభుత్వం ఎంతవరకు జోక్యం చేసుకోవాలి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్న రెండు ప్రశ్నల చుట్టూ అవి తిరుగుతాయని వారు చూపారు. కొలమానం మారితే ఎవరు సంప్రదాయవాదో కూడా మారిపోతుంది.

స్థిరంగా ఉన్నది వాటా, మనుషులు కాదు

ఇక ‘స్థిరమైన వాటా’ అన్న మాట. జంషెడ్‌పూర్ వాసులకు బ్లాస్ట్ ఫర్నేస్ గురించి వేరే చెప్పాల్సిన పనిలేదు. పైనుంచి ఇనుప ఖనిజం, కోక్, సున్నపురాయి పడుతూ ఉంటాయి. కిందినుంచి కరిగిన ఇనుము, చిట్టెం పోతూ ఉంటాయి. లోపల మట్టం మాత్రం ఎప్పుడు చూసినా దాదాపు అంతే. మట్టం మారలేదు కాబట్టి లోపలి పదార్థం కూడా నిన్నటిదే అనుకుంటే పొరపాటు.

ఓటర్ల వాటా కూడా అలాంటిదే కావచ్చు. అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఫిలిప్ కన్వర్స్ 1964లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో ఒక మైలురాయి. 1956, 1958, 1960ల్లో అవే మనుషులను అవే ప్రశ్నలు అడిగిన సర్వేను ఆయన విశ్లేషించారు. మొత్తం శాతాలు పెద్దగా మారలేదు. విడివిడిగా చూస్తే చాలామంది జవాబులు ఒక సర్వేకూ మరో సర్వేకూ మధ్య అటూ ఇటూ మారిపోయాయి. ఎంతమంది అటు వెళ్లారో, దాదాపు అంతమంది ఇటు వచ్చారు. పైనుంచి చూసేవారికి మాత్రం అంతా నిశ్చలం.

ఆ మట్టమైనా ఎప్పటికీ నిలిచేది కాదు. జర్మనీలో నాజీ పార్టీకి 1928 మేలో వచ్చిన ఓట్లు 2.6 శాతం. మహామాంద్యం వచ్చింది. 1930లో 18.3 శాతం, 1932 జులైలో 37.3 శాతం. నాలుగేళ్లలో జర్మన్ల జన్యువులు మారలేదు, మెదళ్లు పెరగలేదు. మారింది ఉద్యోగం, పొదుపు, రేపటి మీద నమ్మకం. 20 అభివృద్ధి చెందిన దేశాల ఎన్నికలను 1870 నుంచి 2014 దాకా తిరగేసిన జర్మన్ ఆర్థికవేత్తలు, ఆర్థిక సంక్షోభం తర్వాత తీవ్ర మితవాద పార్టీల ఓట్లు సగటున దాదాపు 30 శాతం పెరుగుతాయని గమనించారు.

తెలుగువారి చరిత్రలో ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 1975 నుంచి 1977 దాకా ఎమర్జెన్సీ దేశమంతటా ఒకటే. 1977 మార్చి లోక్‌సభ ఎన్నికలూ ఒకటే. జంషెడ్‌పూర్ అప్పుడు బిహార్‌లో ఉండేది. ఆ రాష్ట్రంలోని 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలిచింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున నెగ్గారు. శ్రీకాకుళంలో ఉన్న అన్న, జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తమ్ముడు ఒకే ఇంటి పేరు, ఒకే రక్తం, ఒకే రకం పెంపకం ఉన్నవారై ఉండవచ్చు. వారి చుట్టూ ఉన్న ఓటు మాత్రం పూర్తిగా తిరగబడింది.

ఆంధ్ర ఓటర్లు నిరంకుశత్వాన్ని ప్రేమించారని దీనికి అర్థం కాదు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, ఇళ్ల కూల్చివేతలు ఉత్తరాదిని కుదిపినంతగా దక్షిణాదిని కుదపలేదు. జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమం బిహార్‌ను కదిలించినట్టు ఆంధ్రను కదిలించలేదు. పేదలకు ఇళ్ల స్థలాలు, రుణాలు అన్న హామీలు ఇక్కడ ఇంకా నమ్మకంగానే వినిపించాయి. పైగా గట్టి ప్రతిపక్షం లేదు. ఆ ప్రత్యామ్నాయం దొరికిన రోజున ఏం జరిగిందో అందరికీ తెలుసు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో అధికారంలోకి వచ్చింది. ‘స్థిరమైన వాటా’ తొమ్మిది నెలల్లో కరిగిపోయింది.

జంషెడ్‌పూర్ తూర్పు నియోజకవర్గం ఇంకో చిన్న ఉదాహరణ. 1995 నుంచి 2014 దాకా రఘువర్ దాస్ అక్కడ వరుసగా ఐదుసార్లు గెలిచారు. కదలదనుకున్న కోట అది. 2019లో ముఖ్యమంత్రి హోదాలో పోటీచేసి, తన పార్టీ నుంచే బయటికి వచ్చి స్వతంత్రంగా నిలిచిన సరయూ రాయ్ చేతిలో ఓడిపోయారు. 2024లో ఆ సీటు మళ్లీ అదే పార్టీకి వెళ్లింది. ఏ పార్టీకీ ముద్ర వేయడానికి కాదు ఈ మాట. ఒకే చోట ఓటు ఇరవై ఏళ్లు నిలవగలదు, ఒక్క రోజులో కదలగలదు, మళ్లీ పాత చోటికి చేరగలదు.

కుళాయి చెప్పే కారణం

అయితే ప్రశాంతమైన రోజుల్లో కూడా, సంక్షోభం ఏదీ లేకుండానే, ఓటు లేని పాలనను మనుషులు ఎందుకు మెచ్చుకుంటారు? ఇక్కడ జంషెడ్‌పూర్ ప్రయోగశాలల కంటే ఎక్కువ చెబుతుంది.

ఊరికి ఒకవైపు సువర్ణరేఖ నది, ఇంకోవైపు ఖర్కాయి. సువర్ణరేఖ దాటితే మాంగో, ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్. ఆదిత్యపూర్‌లో ఎన్నికలు జరిగాయి, మేయర్ వచ్చారు. కంపెనీ ప్రాంతంలో ఉన్న మనిషి వంతెన దాటినప్పుడల్లా తెలియకుండానే రెండు పాలనలను పోల్చుకుంటాడు. ఇటు రోడ్లు, చెట్లు, ఆగని కరెంటు. అటు మురుగు, నీటి ఎద్దడి. ‘గుడ్డి కంటే మెల్ల నయం’ అన్న సామెత అతనికి వేరే గుర్తు చేయనక్కర్లేదు. ఉన్నదాన్ని వదులుకోవడానికి మనుషులు సహజంగా వెనుకాడతారని ఆర్థికవేత్తలు శామ్యూల్సన్, జెక్‌హౌసర్ 1988లో ప్రయోగాలతో చూపించారు. కళ్ల ముందు ఉన్న ఉదాహరణలన్నీ మార్పుకు వ్యతిరేకంగానే ఉన్నప్పుడు ఆ వెనుకడుగు మూర్ఖత్వం కాదు, అందిన సమాచారంతో వేసుకున్న లెక్క.

ఆ లెక్కలో ఒక లోపం ఉంది. వంతెనకు ఇటు ఉన్న సుఖం ఓటు లేకపోవడం వల్ల వచ్చిందా? శతాబ్దం పాటు పెట్టిన పెట్టుబడి, పద్ధతిగా వేసిన పట్టణ ప్రణాళికలు, నెల జీతమున్న కుటుంబాలు, కట్టే బిల్లులు దాని వెనుక ఉన్నాయి. అటు ఉన్న కష్టం ఓటు వల్ల వచ్చిందా? ప్రణాళిక లేకుండా పెరిగిన జనాభా, చాలని నిధులు, ఆలస్యంగా వచ్చిన, అరకొర అధికారాలే ఉన్న స్థానిక సంస్థలు దానికి కారణాలు. రెండు కడవల్లో నీళ్ల రుచి వేరైతే కడవనే నిందించడం సులువు. బావులు వేరని ముందు చూడాలి.

పైగా ఎన్నికైన స్థానిక పాలన సరిగా పనిచేయడం చూసే అవకాశం ఎంతమందికి దక్కింది? జార్ఖండ్ ప్రాంతంలో 1978 తర్వాత పంచాయతీ ఎన్నికలు మళ్లీ జరిగింది 2010లో. మధ్యలో 32 ఏళ్లు. ఒక తరం పుట్టి, పెరిగి, పిల్లల్ని కన్నది గానీ ముఖియాను ఎన్నుకోలేదు. తెలుగునాట కూడా గర్వపడటానికి ఏమీ లేదు. మహా విశాఖ నగరపాలక సంస్థకు 2007 తర్వాత ఎన్నికలు జరిగింది 2021లో. 2012లో పాలకవర్గం గడువు ముగిశాక తొమ్మిదేళ్లు అధికారులే నడిపారు. స్థానిక ప్రజాస్వామ్యాన్ని చూడనివారు దాన్ని కోరుకోలేదని నిందించడం, ఈత నేర్పనివాణ్ని నీళ్లంటే భయమెందుకని అడిగినట్టే.

గీత అవతల ఉన్నవారు

ఇంతవరకు చెప్పింది కంపెనీ క్వార్టర్ కిటికీలోంచి కనిపించే దృశ్యం. ఊరికి ఇంకా కిటికీలున్నాయి. అసలు కిటికీ లేని ఇళ్లూ ఉన్నాయి.

కంపెనీ కోసం సేకరించిన భూమిలో ఏళ్లతరబడి పెరిగిన కాలనీలను అక్కడ ‘86 బస్తీలు’ అంటారు. అక్కడివారు దశాబ్దాలుగా ఇంటి స్థలం మీద హక్కు అడుగుతున్నారు. 1996 నుంచి 30 ఏళ్లకు వర్తించేలా 2005లో టాటా స్టీల్ లీజును పునరుద్ధరించినప్పుడు వారి భవితవ్యం కూడా తేలాల్సిన ప్రశ్నే అయింది. అంతకు ముందు, 1907కు పూర్వం, ఇక్కడ సాక్చీ వంటి ఊళ్లు ఉండేవి. ఈ సింగ్‌భూమ్ నేల హో, సంథాల్, భూమిజ్ వంటి ఆదివాసీలది. గ్రామ పెద్దల సభల్లో కూర్చుని మాట్లాడుకునే పద్ధతులు వారికి కంపెనీ రాకముందు నుంచే ఉన్నాయి. ‘బాగా నడుస్తోంది’ అన్న మాట విన్నప్పుడు ‘ఎవరికి’ అని అడగాల్సింది ఇక్కడే.

క్రమం బాగున్నప్పుడు దాన్ని తెచ్చింది దయే అనిపిస్తుంది. జంషెడ్‌పూర్ చరిత్ర అంత సూటిగా లేదు. 1912లోనే ఇక్కడి కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం అమలైంది. దేశంలో చట్టం రావడానికి దశాబ్దాల ముందు మాట అది. అందుకు యాజమాన్యం దూరదృష్టిని మెచ్చుకోవాలి. అదే ఊళ్లో 1920లో, 1928లో పెద్ద సమ్మెలు జరిగాయి. 1928లో సుభాష్ చంద్రబోస్ కార్మికుల పక్షాన వచ్చి నిలబడ్డారు. యూనియన్ గుర్తింపు, బేరసారాల పద్ధతి అలా ఒక్కో మెట్టుగా వచ్చాయి. ఈ ఊరి మంచి సగం పైనుంచి వచ్చింది, సగం కిందినుంచి అడిగితే వచ్చింది. అడిగిన సగాన్ని మరిచిపోతేనే, అడగనక్కర్లేని పాలన ఆదర్శంగా కనిపిస్తుంది.

1990ల తర్వాత అదే కంపెనీలో ఉద్యోగుల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది, ఉత్పత్తి పెరిగింది. ఇప్పుడు ఊళ్లో చాలామంది కంపెనీ మనుషులు కారు. మంచి యాజమాన్యం ఉన్నంతకాలం ఓటు అవసరం కనిపించదు. యాజమాన్యం ప్రాధాన్యాలు మారిన రోజున, కంచే చేను మేస్తే అడగడానికి పౌరుడి చేతిలో ఏముండాలి? ఎన్నికైన సంస్థ గొప్పగా పాలిస్తుందన్న హామీ ఏదీ లేదు. తప్పు చేసినప్పుడు ఐదేళ్లకోసారైనా దించే వీలుంటుంది. ఓటు ఇచ్చే ప్రధాన లాభం అదే.

తప్పు దిద్దుకునే యంత్రం

ఉలికిపాటు పరిశోధన కథ ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోవాలి. 2008లో పెద్ద పత్రికలో వచ్చిన ఫలితం 2020లో నిలబడలేదు. ఎవరో ‘పెద్దలు చెప్పారు కదా’ అని ఊరుకోకుండా మళ్లీ కొలిచారు. మొదటి బృందం పేరు ఎంత పెద్దదైనా రెండో కొలతను ఆపలేకపోయింది. విజ్ఞానశాస్త్రం ఎప్పుడూ సరైనది చెబుతుందని కాదు దాన్ని నమ్మేది. తప్పు చెప్పినప్పుడు పట్టుకునే ఏర్పాటు దానిలోనే ఉంది కాబట్టి. ప్రజాస్వామ్యానికి బలం కూడా అక్కడే ఉంది. ప్రశ్నించే వీలులేని బలమైన నాయకుడి పాలన, పునఃపరీక్షకు ఒప్పుకోని ప్రయోగం లాంటిది. మొదటి ఫలితం బాగుండవచ్చు. తప్పయితే తెలిసే దారి ఉండదు.

కాబట్టి గట్టిచేతి రాజకీయాలకు ఓటేసేవారిని చూసి ‘వీరి మెదడే అంత’ అనడం శాస్త్రీయంగా నిలబడదు, రాజకీయంగా కూడా పనికిరాదు. స్వభావంలో కొంత తేడా ఉంటుంది, నిజమే. దాన్ని మార్చడం ఎవరి చేతిలోనూ లేదు. భయం, అనుభవం, ప్రత్యామ్నాయం అనే మూడింటిని మాత్రం మార్చవచ్చు. ఉద్యోగం పోతే కుటుంబం రోడ్డున పడని భరోసా ఉంటే భయం తగ్గుతుంది. స్థానిక ఎన్నికలు గడువుకు జరిగి, ఎన్నికైనవారి చేతికి నిధులు, సిబ్బంది అందితే అనుభవం మారుతుంది. మాంగోలో, ఆదిత్యపూర్‌లో కుళాయిలో నీళ్లు సక్రమంగా వస్తే, వంతెన దాటే మనిషి తన లెక్క తానే మార్చుకుంటాడు. ప్రజాస్వామ్యం మీద వంద ఉపన్యాసాల కంటే అది బలమైన వాదన.

కంపెనీ నైపుణ్యాన్ని వదులుకోకుండా, లెక్కలు అడిగే హక్కున్న ఎన్నికైన సభను జంషెడ్‌పూర్‌లో దాని పక్కన కూర్చోబెట్టడం అసాధ్యం కాదు. నీళ్లు ఎవరు సరఫరా చేయాలన్నది నైపుణ్యానికి సంబంధించిన ప్రశ్న. ఎవరి వీధికి ముందు ఇవ్వాలన్నది ఓటుకు సంబంధించిన ప్రశ్న. ఈ రెంటినీ కలిపేయడం వల్లే, మంచి కుళాయి కావాలంటే ఓటు వదులుకోవాలేమో అన్న భ్రమ పుడుతోంది. కదమాలోని తెలుగు కుటుంబానికైనా, బస్తీలోని సంథాల్ కుటుంబానికైనా ఆ రెండూ దక్కాలి.